పాత ట్రాక్టరా... వెనక్కి వెళ్లి చూడండి!

కోత మిషను పొలంలో తిరుగుతున్నంతసేపూ రైతు కళ్లు ధాన్యం మీదే ఉంటాయి. తేమ ఎంతొచ్చింది, బస్తా ఎంత పలుకుతుంది, లారీ ఎప్పుడొస్తుంది... ఇదే ధ్యాస. ఇంట్లో ఆడవాళ్ల చూపు మాత్రం మిషను వెనక వరసలుగా పడిపోయిన గడ్డి మీద ఉంటుంది. దొడ్లో గేదెలు ఏడాది పొడుగునా తినాల్సింది అదే మరి!

గోదావరి తూర్పు డెల్టాలోని రాయవరం మండలంలో ఏ ఊరికి వెళ్లినా ఇదే కథ. ఒకవైపు మండపేట, ఒకవైపు రామచంద్రపురం, మరోవైపు అనపర్తి. చుట్టూ కాలువ నీరు, సార్వా, దాళ్వా రెండు పంటలు. 2022లో కోనసీమ జిల్లా ఏర్పడినప్పుడు ఈ మండలం అందులో చేరింది. జిల్లా పేరు ఏదైనా ఇక్కడ వరి, పాడి విడదీయలేని జంట.

ఒకప్పుడు కూలీలు కోసి, పనలు వేసి, కుప్పలు నూర్చాక పొడుగాటి గడ్డి మిగిలేది. బండ్ల మీద ఇంటికి తోలి గడ్డిమేటు వేసుకునేవారు. మేటు ఎత్తును బట్టి ఆ ఇంటి కలిమిని అంచనా కట్టేవారు! కోత మిషన్లొచ్చాక లెక్క మారింది. గంటల్లో ధాన్యం చేతికొస్తోంది, గడ్డి మాత్రం చేలోనే ఉండిపోతోంది. దాన్ని ఏరి మోపులు కట్టే కూలీలు లేరు. ఉన్నా ఆ కూలి గిట్టదు. అందుకే చాలాచోట్ల అగ్గిపుల్లతో సరిపెట్టేస్తున్నారు. ఆ పొగ తర్వాత గేదెలకు గడ్డి కొనాల్సిన వాళ్లూ వాళ్లే.

ఈ చిక్కును విప్పింది బేలర్. ట్రాక్టరు వెనక తగిలిస్తే వరసల్లో ఉన్న గడ్డిని మింగి, దారం చుట్టి, చుట్టలుగా కింద పడేస్తుంది. చిన్న రకం రౌండ్ బేలర్ చుట్ట ఇంచుమించు ఇరవై కిలోలుంటుంది. ఒక మనిషి ఎత్తి ట్రక్కులో వేయొచ్చు, పశువుల పాకలో నిట్టనిలువునా పేర్చొచ్చు.

ఇక ఇంట్లో మాట మొదలవుతుంది. ‘నాన్నా, పాత ట్రాక్టరొకటి చూద్దాం. బేలర్ తగిలిస్తే మన గడ్డి మనకొస్తుంది, ఊళ్లోవాళ్లకూ కట్టొచ్చు’ అంటాడు కొడుకు. ‘ఒరే అబ్బాయ్, పాత బండి కొనడమంటే పక్కవాడి రోగం మనం కొనుక్కోవడంరా’ అంటాడు తండ్రి. ఇద్దరి మాటలోనూ నిజముంది.

ముందు తిండి లెక్క

బండి చూడ్డానికి బయల్దేరే ముందు ఇంట్లో వేసుకోవాల్సిన లెక్కొకటుంది. గేదెకు రోజుకు ఐదారు కిలోల ఎండుగడ్డి వేస్తే ఏడాదికి రెండు టన్నులు. మూడు గేదెలుంటే ఆరు టన్నులు. అంటే ఇరవై కిలోల చుట్టలు మూడొందలు. ఆ మూడొందల చుట్టలు కట్టడం బేలరుకు ఒక్క రోజు పని! ఆ ఒక్క రోజు కోసం లక్షలు పోసి ట్రాక్టరు కొనక్కర్లేదు. చుట్టకింత అని ఇచ్చి కట్టించుకోవడమే మేలు.

దమ్ముకూ ట్రక్కుకూ ఎలాగూ బండి కావాలి, బేలరుతో చుట్టుపక్కల చేలల్లోనూ తిరగాలి అనుకునేవారి సంగతి వేరు. వారికి పాత ట్రాక్టరు అక్కరకొస్తుంది. కాకపోతే దమ్ముకు బాగా పనికొచ్చిన ప్రతి బండీ గడ్డికి పనికిరాదు. అప్పుచేసి కొన్నాక చాలామందికి తెలిసొచ్చేది ఇదే.

సగం నొక్కితే ఏమవుతుంది?

పాత బండి బేరంలో అందరూ ముందు వైపే నిలబడతారు. బానెట్ ఎత్తుతారు, ఇంజిన్ చప్పుడు వింటారు. ‘మొన్ననే బోరు చేయించామండీ, ఇంక చెయ్యి పెట్టక్కర్లేదు’ అని దళారి చెబుతుంటే తలూపుతారు. బేలరు కోసం కొనేవారు ముందుగా వెళ్లాల్సింది మాత్రం వెనక వైపు. అక్కడ, రెండు పెద్ద చక్రాల మధ్య, పళ్లున్న చిన్న ఇనుప షాఫ్టు బయటికి పొడుచుకుని ఉంటుంది. అదే పీటీవో. ఇంజిన్ బలాన్ని వెనక పనిముట్టుకు అందించేది అదే. బేలరుకు ప్రాణం కూడా అదే.

రౌండ్ బేలర్ ఎలా పనిచేస్తుందో చూస్తే విషయం తెలుస్తుంది. గడ్డి లోపలికి పోతూ చుట్ట బిగుస్తుంది. నిండగానే డ్రైవరు బండి ఆపాలి. చక్రాలు ఆగాలి, లోపల చుట్ట మాత్రం తిరుగుతూనే ఉండాలి. అప్పుడే దాని మీద దారం చుట్టుకుంటుంది. తర్వాత వెనక తలుపు తెరుచుకుని చుట్ట కింద పడుతుంది. ఒక్కో చుట్టకు ఇలా ఒకసారి ఆగాలి. మూడొందల చుట్టలకు మూడొందల సార్లు! ఇవి కాక, గడ్డి వరస దట్టంగా తగిలినప్పుడు మిషను నోరు మూసుకుపోకుండా ఆపాల్సినవి వేరే.

సింగిల్ క్లచ్ బండిలో పెడల్ నొక్కితే చక్రాలతోపాటు పీటీవో కూడా ఆగిపోతుంది. గేరు తీసి న్యూట్రల్‌లో పెట్టి మళ్లీ క్లచ్ వదలాలి. అప్పటికి కడుపునిండా గడ్డితో ఉన్న మిషను ఆగిన చోటు నుంచి ఒక్క కుదుపుతో కదలాలి. షియర్ బోల్టులు తెగేది, బెల్టులు అరిగేది, గడ్డి అడ్డంపడేది ఇలాంటప్పుడే. డబుల్ క్లచ్ బండిలో ఈ బాధ ఉండదు. పెడల్ సగం నొక్కితే చక్రాలు ఆగుతాయి, పీటీవో తిరుగుతూనే ఉంటుంది. పూర్తిగా నొక్కితే రెండూ ఆగుతాయి. పీటీవోకు విడిగా లీవరున్న బండ్లూ ఉన్నాయి. అవి ఇంకా సుఖం.

మోడల్ పేరు చూసి ‘దీనికి డబుల్ క్లచ్ ఉంటుందిలే’ అనుకోవడానికి లేదు. పేరున్న మోడళ్లు కొన్ని రెండు రకాలుగానూ అమ్ముడయ్యాయి. పైగా డబుల్ క్లచ్ పాడైతే ఖర్చెందుకని మెకానిక్ చేత ఏదో ఒకటి సర్దించుకున్న బండ్లూ ఉంటాయి. అందుకే కళ్లతో చూడాలి. బండి స్టార్ట్ చేయించి, పీటీవో వేయించి, మొదటి గేరులో మెల్లగా కదిలిస్తూ పెడల్ సగం నొక్కమనాలి. కొనేవాళ్లలో ఒకరు దూరంగా, పక్కకు నిలబడి షాఫ్టు కేసి చూస్తే చాలు. అమ్మేవారు దీనికి ఒప్పుకోకపోతే అక్కడితో బేరం ఆపేయొచ్చు.

రెండో సంగతి గేర్లు. బేలరుకు పీటీవో నిమిషానికి 540 చుట్లు తిరగాలి. దానికి ఇంజిన్ ఎంత వేగంతో ఉండాలో ప్రతి బండికీ ఒక లెక్కుంటుంది. మీటరు మీద గుర్తు కూడా ఉంటుంది. గడ్డి ఎక్కువగా ఉన్నచోట నెమ్మదిగా పోదామని యాక్సిలరేటరు తగ్గిస్తే పీటీవో కూడా మందగిస్తుంది. మిషను గడ్డిని మింగలేదు. కాబట్టి నెమ్మదితనం గేరులోంచే రావాలి. నిదానంగా నడిచే గేర్లు రెండుమూడు ఉన్న బండి కావాలి. ఆరు గేర్ల పాత బండి కంటే ఎనిమిది గేర్లది నయమనేది ఇందుకే.

హార్స్‌పవర్ దగ్గరా ఓ మెలిక ఉంది. బండి మీద రాసేది ఇంజిన్ బలం. పీటీవో దాకా వచ్చేసరికి అందులో కొంత తరుగు పోతుంది. వయసు మీద పడిన బండిలో ఆ తరుగు ఇంకాస్త ఎక్కువ. చిన్న రౌండ్ బేలరుకు 35 హెచ్‌పీ చాలని ఉంటే, పాత బండి విషయంలో 40 పైన చూసుకోవడం క్షేమం. పలకల కట్టలు కట్టే స్క్వేర్ బేలర్ జోలికి వెళితే 50కి దగ్గర్లో ఉండాలి. ఆ మిషను బరువూ, దాని ముషలం కొట్టే దెబ్బా చిన్న బండికి మించిన పని. కొన్ని బేలర్ల తలుపు హైడ్రాలిక్ పైపుతో తెరుచుకుంటుంది. ట్రక్కును ఎత్తి దింపిన బండి అయితే ఆ పాయింటు ఎలాగూ ఉంటుంది, నూనె కారకుండా ఉంటే చాలు.

దమ్ము చేసిందా... ఇసుక మోసిందా?

గేదెను కొనేటప్పుడు పొద్దున, సాయంత్రం రెండు పూటలా పాలు పితికించి చూస్తారు గోదావరి రైతులు. ట్రాక్టరునూ అలాగే రెండు పూటలు చూడాలి. పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఒకసారి. పనిచేసి వేడెక్కాక ఒకసారి. వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉందంటే ముందే స్టార్ట్ చేసి ఉంచారని అర్థం. చల్లటి బండి మొండికేస్తుందేమోనన్న భయం కావచ్చు! వేడెక్కాక కూడా నీలం పొగ వదులుతుంటే ఆయిల్ తాగుతున్నట్టు. రేడియేటర్ నీటి మీద నూనె తెట్టు కనిపిస్తే ఖర్చు తప్పదు. అయితే రేడియేటర్ మూత చల్లగా ఉన్నప్పుడే తీయాలి సుమా.

డెల్టా బండికి ప్రత్యేకమైన జబ్బులు కొన్నున్నాయి. ఏళ్ల తరబడి ఇనప చక్రాలతో దమ్ము చేసిన బండిలో బురద నీరు వెనక ఇరుసు సీళ్లను, బేరింగులను, బ్రేకులను తినేస్తుంది. చక్రాల లోపలి వైపు నూనె తడి, గేరుబాక్సు నూనె పాలలా తెల్లబడటం దాని ఆనవాళ్లు. ఇసుక ట్రిప్పులు తిరిగిన బండిది ఇంకో రకం. పైకి బురద మరకే ఉండదు, లోపల క్లచ్ ప్లేట్లు, డిఫరెన్షియల్ అరిగిపోయి ఉంటాయి. రెంటిలో ఏది నయమంటే, గడ్డి పనికి దమ్ము బండే నయం. సీళ్లు, బేరింగులు మార్చుకోవచ్చు. ఓవర్‌లోడుతో నలిగిన క్లచ్‌ను, గేర్లను బాగుచేయించాలంటే బండిని రెండు ముక్కలుగా విప్పాల్సిందే.

గంటల మీటరును నమ్మి బేరమాడటం దండగ. మీటరు మార్చడం ఎంతసేపు? క్లచ్ పెడల్ మీద రబ్బరు ఎంత అరిగింది, పీటీవో షాఫ్టు పళ్లు పదునెక్కాయా, స్టీరింగ్ ఎంత ఊగుతోంది... ఇవి అబద్ధం చెప్పవు. కొత్త రంగు కొట్టి ఉంటే ఇంకాస్త అనుమానంగానే చూడాలి.

విడిభాగాల సంగతీ ఆలోచించాలి. పాత కంపెనీలు చేతులు మారాయి. ఐషర్ ట్రాక్టర్లను 2005లో టాఫే తీసుకుంది. స్వరాజ్‌ను తయారుచేసిన పంజాబ్ ట్రాక్టర్స్ 2007లో మహీంద్రా చేతికొచ్చింది. అవి ఇప్పటికీ తయారవుతున్నాయి కాబట్టి దిగుల్లేదు. హెచ్ఎంటీ ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. గట్టి బండ్లే. అయినా సామాన్లు దొరికే దారి తెలిస్తేనే వాటి జోలికెళ్లాలి. ఇంకో మాట. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకు ట్రెమ్-4 కాలుష్య నిబంధనలు వచ్చాయి. దాంతో వాటిలో ఎలక్ట్రానిక్స్ పెరిగాయి. ఊళ్లో మెకానిక్ పానాలతో విప్పి సర్దగలిగే పెద్ద బండి కావాలంటే అంతకు ముందుదే చూసుకోవాలి.

సీజను కూడా బండి ఎంపికను మార్చేస్తుంది. దాళ్వా కోతలకు చేలు గట్టిపడి, గడ్డి గలగలలాడుతూ ఉంటుంది. ఏ బండైనా తిరుగుతుంది. సార్వా అలా కాదు. నవంబరు, డిసెంబరుల్లో వాయుగుండాల భయం. చేలో తడి ఆరదు. కోత మిషనే చైన్ల మీద నడుస్తుంది. అక్కడ బరువైన ట్రాక్టరు, దాని వెనక బేలరు దిగబడతాయి. మరోవైపు దాళ్వా నాట్లకు చేను ఖాళీ చేయాలి. తొందరపడి తడి గడ్డిని చుట్టేస్తే లోపల వేడెక్కి బూజు పడుతుంది. ఆ చుట్ట విప్పితే గేదె మూతి తిప్పుకుంటుంది. సార్వా గడ్డి కూడా కట్టాలనుకునేవారు మరీ పెద్ద బండికి పోకుండా, వెనక టైర్ల పళ్లు బాగా ఉన్నదాన్ని ఎంచుకోవాలి.

బేరంలో మాట్లాడనివి రెండున్నాయి. ఒకటి పీటీవో మీద కవరు. పాత బండ్లలో చాలావాటికి అది ఉండదు, ఎప్పుడో ఊడదీసి పారేసి ఉంటారు. నిమిషానికి 540 చుట్లు తిరిగే షాఫ్టుకు కండువా కొసో చీర కొంగో చిక్కితే అరిచే వ్యవధి కూడా ఉండదు. కవరు కొత్తది వేయించాకే బేలరు తగిలించాలి. మిషనులో గడ్డి అడ్డంపడితే ఇంజిన్ పూర్తిగా ఆపాకే చెయ్యి పెట్టాలి. డబుల్ క్లచ్ ఉంది కదా, సగం నొక్కి ఉంచుతాను అంటే కుదరదు. ఆ సగంలో మిషను తిరుగుతూనే ఉంటుంది. రెండోది సైలెన్సరు. చిల్లులు పడిన సైలెన్సరులోంచి నిప్పురవ్వ ఎండుగడ్డి మీద పడితే చేనూ బేలరూ ట్రాక్టరూ కలిసే కాలిపోతాయి.

అన్నీ నచ్చాక ధర. ‘అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి’ అని పాత బండ్ల బజారును చూసే అన్నారేమో! కొనేవారి చేతిలో ఇప్పుడొక ఆయుధముంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యవసాయ ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. గడ్డి బేలర్లకూ అంతే. కొత్తదాని ధర తగ్గినప్పుడు పాతదాని ధర ఎందుకు తగ్గదని గట్టిగా అడగొచ్చు.

డబ్బు చేతులు మారేలోపు ఆర్సీ తీసి ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీదున్న వాటితో పోల్చుకోవాలి. ఆర్సీలో బ్యాంకు లేదా ఫైనాన్స్ కంపెనీ పేరుంటే, అప్పు తీరినట్టు వాళ్లిచ్చే కాగితం, ఫారం 35 ఉండాలి. పదిహేనేళ్లు దాటిన బండైతే రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించారో లేదో చూడాలి. అది అయిదేళ్లకోసారి చేయించాల్సిన పని. పేరు మార్పిడికి కావాల్సిన ఫారాలు 29, 30. ‘సంతకాలు తర్వాత చూసుకుందాంలెండి’ అనే మాట ఎవరన్నా సరే ఒప్పుకోకూడదు. ఆ సంతకాలు పడి, రవాణా శాఖ రికార్డులో పేరు మారేదాకా మొత్తంలో కొంత సొమ్ము కొనేవారి దగ్గరే ఉంచుకునేలా ముందే మాట్లాడుకుంటే ఇద్దరికీ మంచిది. రేపు ఆ బండితో ఏదన్నా జరిగితే రికార్డులో ఎవరి పేరుంటే నోటీసు వాళ్లింటికే వెళుతుంది.