బొమ్మ వేసే చేయి - వైద్యవిద్య

అల్లవరం వంటి ఊళ్ళలో జీవశాస్త్రపు రికార్డులో గుండె బొమ్మను ముచ్చటగా వేసే పిల్లలు లేకపోలేదు. కాని దాని క్రింద ఉపాధ్యాయుని సంతకం పడుటతోనే ఆ నేర్పుకు కాలం చెల్లుతున్నది. మార్కులు వచ్చినవానిని వైద్యవిద్యకు పంపుటకు తల్లిదండ్రులు పొలం అమ్ముటకైనా వెనుదీయరు, బొమ్మలు వేసేవానిని మాత్రం "అవి కూడు పెడతాయా?" అని అడుగుతారు. ఈ రెండు విద్యలూ ఒక్క చేతిలో కలిసే వృత్తి ఉన్నదని ఆ పిల్లవానికి ఎవరు చెప్పవలెను?

వైద్యచిత్రకారుడు శరీరనిర్మాణం చదివి, శస్త్రచికిత్సను కన్నులార చూచి, విద్యార్థికీ రోగికీ తెలిసేటట్లు బొమ్మ వేస్తాడు. ఛాయాచిత్రం ఉండగా ఇదెందుకని అడుగవచ్చును. కెమెరాకు రక్తమూ, పనిముట్లూ, వైద్యుని వ్రేళ్ళూ అన్నీ సమానమే. చిత్రకారుడు వాటిని తొలగించి, చూడవలసిన నరాన్ని మాత్రమే చూపుతాడు. ఏది విడువవలెనో తెలియుటకు శాస్త్రం రావలెను.

ఈ పని గోదావరి సీమకు మరీ కొత్తది కాదు. సామర్లకోటలో పనిచేసిన రాక్స్‌బర్గ్ వైద్యుడు దేశీయ చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వేయించాడు. 1795 మొదలు భాగాలుగా వెలువడిన అతని గ్రంథంలో చిత్రాలు 300. మరుసటి ఏడే పాట్రిక్ రస్సెల్ అను మరొక వైద్యుడు ఈ తీరపు పాములపై సచిత్రగ్రంథం ప్రకటించాడు. ఏది విషసర్పమో జనం గుర్తించవలెనని అతని ఆశయం. రక్తపింజరకు ఇంగ్లీషులో నేటికీ అతని పేరే. రాక్స్‌బర్గ్ పేరు లోకానికెక్కినది, ఆ చిత్రకారుల పేర్లు ఎక్కలేదు. దొరలలోనూ ఇంతే. 1858లో వెలువడిన గ్రే శరీరశాస్త్రానికి బొమ్మలు వేసిన కార్టర్, తరువాత బొంబాయి గ్రాంట్ వైద్యకళాశాలలో బోధించాడు. పుస్తకం మాత్రం గ్రే పేరిటనే నిలిచినది.

అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం 1911లోనే ఈ విద్యకు ఒక శాఖ నెలకొల్పినది. కాకినాడలో 1958 నుండి రంగరాయ వైద్యకళాశాల ఉన్నది, అమలాపురంలోనూ ఒక వైద్యకళాశాల ఉన్నది. బోదకాలు వచ్చినవారు కాలిని ఎట్లు కడుగుకొనవలెనో, పాము కరచిన చోట ఏమి చేయరాదో, మన ఇల్లూ మన కట్టూబొట్టూ కనిపించే బొమ్మలలో చూపుటకు ఇట్టి సంస్థలు ఒక్కొక్క చిత్రకారునికి చోటిచ్చినను మేలే. ఈ ఉద్యోగాలు వేలకొలదిగా లేవు. ఆ సంగతి పిల్లలకు దాచరాదు. నేడు యంత్రం క్షణంలో బొమ్మ వేస్తున్నది. అది నరాన్ని తప్పు చోట పెడితే కనిపెట్టుటకైనను తెలిసిన కన్ను కావలెను.

ఆ కన్ను బడిలోనే తెరుచుకొనవచ్చును. సైన్సు ఉపాధ్యాయుడూ డ్రాయింగు ఉపాధ్యాయుడూ ఒక పూట కలిసి, పాఠ్యపుస్తకం మూయించి, కసాయి దుకాణంలో తెచ్చిన మేక గుండెను బల్లమీద పెట్టి, ఉన్నది ఉన్నట్లు గీయమనవచ్చును.