ఎవరికిచ్చిన పుస్తకం?

చేపలు పట్టేవాడికి గాలం ఉంటే చాలదా, పుస్తకం ఎందుకని మీరడగవచ్చు. ఇంగ్లండు, అమెరికాలలో ఈకలూ దారమూ చుట్టి ఈగలాగా చేసిన ఎరతో ట్రౌట్ చేపలు పట్టే సరదారాయుళ్ళున్నారు. వాళ్ళకు గాలం ఎంతో గ్రంథమూ అంతే. రచయిత సంతకం ఉన్న ప్రతి అయితే మరీ అపురూపం.

ఐజాక్ వాల్టన్ రాసిన 'కంప్లీట్ ఆంగ్లర్' 1653లో అచ్చయింది. ఈగ ఎర సంగతులన్నీ వివరంగా రాసి 1676 కూర్పులో చేర్చినవాడు ఆయన మిత్రుడు చార్లెస్ కాటన్. వయసులో ముప్ఫయ్యేడేళ్ళు చిన్న. 1674లో డవ్ నది ఒడ్డున తాను కట్టించిన చిన్న ఇంటి గుమ్మం మీద ఇద్దరి పేర్ల మొదటి అక్షరాలూ పెనవేసి చెక్కించాడు. అదీ సంతకమే అంటాను.

మన కాలానికి వస్తే, నార్మన్ మెక్లీన్ డెబ్బై దాటాక, 1976లో, 'ఎ రివర్ రన్స్ త్రూ ఇట్' వెలువరించాడు. మోంటానా నదులలో తండ్రితో, తమ్ముడితో గాలం వేసిన రోజులే ఆ కథకు ఆధారం. 1990లో ఆయన పోయాడు. ఆయన సంతకం చేసిన ప్రతులు ఇక పెరగవు.

"ఫలానావారికి" అని రాసి ఉండి, ఆ ఫలానావారు పేరున్నవారు కాకపోతే పాత పుస్తకాల వర్తకులు తరచు ధర తగ్గిస్తారు. నాకు మాత్రం ఆ పేరే ముద్దు. ఏ ఏటి ఒడ్డున స్నేహం కలిసిందోననిపిస్తుంది.

మీ ఇంట్లోనూ అలాంటి పుస్తకం ఒకటి ఉండవచ్చు. ఎవరు, ఎవరికి, ఎందుకిచ్చారో పిల్లలకు చెప్పి ఉంచండి. లేకపోతే రేపది పాత కాగితాలతో పాటు తూకానికి పోతుంది.