చిత్రీకరణకు ముందు

హైడెల్‌బర్గ్ నగరమున విద్యాభ్యాసము సేయుచు లఘుచిత్రములకు పూనుకొనుచున్న మన తెలుగు విద్యార్థులను తలచుకొనియే ఈ సంచికను ఛాయాగ్రహణమునకు అంకితము చేసితిమి. కెమెరా సులభమైనకొలది యోచన సన్నగిల్లుట మమ్ము కలవరపెట్టుచున్నది.

నెక్కార్ నదిపై పాతవంతెన మీద ఇరువురు సంభాషించు దృశ్యమునే తీసికొందము: వేసవి సాయంకాలమున పడమటి వైపు నిలిచి చిత్రించినచో, ఎర్రని ఇసుకరాతి కోట వారి వెనుక ప్రకాశించును; కాని వారి చూపులను కలుపు ఊహారేఖను దాటి కెమెరా ఆవలి కేగినచో, కోట కనుమరుగగును, ఎదురెదురుగా నున్నవారు ఒకే దిక్కునకు చూచుచున్నట్లు తోచును. డిసెంబరున అచట పగలు ఇంచుమించు 8 గంటలే గనుక, ఏ షాటు ఎప్పుడన్నది ముందే వ్రాసికొనవలెను. ‘మాయాబజార్’ (1957)లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే కురిపించిన వెన్నెలయు యోచించి కల్పించినదే గదా!

ఇందలి రచనలన్నియు కెమెరా తెరువకముందటి ఆ కాలమునే ఆశ్రయించినవి; పెన్సిలు చేతబట్టి చదువుడని మా మనవి.

— సంపాదకులు