కాలవగట్టున కాపలా గదులు

దూరం నుంచి చూసి మోటారు షెడ్డు అనుకున్నాను. ఒక పక్క కాలవ, ఒక పక్క చేను, మధ్యలో ఎర్రిటుకల పొట్టి గది. మన దగ్గరయితే అందులో మోటారు, దాని పక్కన ఓ పార, గోడకి రైతు కండువా ఉంటాయి. దగ్గరికి వెళ్లాక గదికి ఆరు మూలలున్నాయని తెలిసింది. కిటికీలు ఉండాల్సిన చోట జానెడు కంతలున్నాయి. తుపాకి గొట్టం పెట్టి అటూ ఇటూ తిప్పడానికి సరిపోయేంత. పక్కనున్న అల్లుడు ‘పిల్‌బాక్స్ మావయ్యగారూ, రెండో ప్రపంచయుద్ధం నాటిది’ అన్నాడు. విశాఖ బీచ్‌లో చిన్నప్పటి నుంచి చూస్తున్నదాన్ని ఇంగ్లండు పల్లెటూరి కాలవగట్టు మీద గుర్తుపట్టలేకపోయాను.

అమ్మాయి పురుటికని రెడింగ్ వెళ్లి ఆరు నెలలున్నాం. ఆ ఊరి నుంచి బ్రిస్టల్ దాకా కెన్నెట్ అండ్ ఏవన్ కాలవ ఉంది. పొడవు 87 మైళ్లు, పూర్తయింది 1810లో. ధవళేశ్వరం లాకులు చూసినవాళ్లకి ఆ కాలవ కొత్తగా అనిపించదు. అవే తలుపులు, అదే నీటి మట్టాల లెక్క. గోదావరి కాలవల్లో మనుషులు గట్టు మీద నడుస్తూ తాళ్లతో పడవలు లాగినట్టే అక్కడ గుర్రాలు లాగేవి. ఆ గుర్రాల దారే ఇప్పుడు నడకదారి. మార్చి మొదటి వారంలో బయల్దేరాం. చెట్లకింకా ఆకు రాలేదు. ఈ గదులు వెతకడానికి అదే మంచి అదను. మే నెల వస్తే ముళ్లపొదలూ, తగిలితే మంటపెట్టే నెటిల్ మొక్కలూ పెరిగి, గది పది అడుగుల దూరంలో ఉన్నా కనిపించదు.

గార్‌స్టన్ లాకు, థీల్ వంతెన, సల్‌హమ్‌స్టెడ్, టైల్ మిల్ దాటుకుంటూ సాయంత్రానికి ఆల్డర్‌మాస్టన్ స్టేషన్ చేరి రైల్లో ఇంటికొచ్చాం. దారి పొడవునా ఎన్ని గదులు ఎదురయ్యాయో లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో లెక్క మానేసి ఒక్కోదాని దగ్గరా నిలబడటం మొదలుపెట్టాను. అప్పుడే అసలు సంగతి తెలిసింది. చాలా గదులు కాలవకి ఉత్తరపు గట్టునే ఉన్నాయి. కంతలు దక్షిణం వైపు చూస్తున్నాయి. దక్షిణాన సముద్రం, సముద్రం అవతల ఫ్రాన్సు. కాలవే కందకం. యుద్ధట్యాంకు నీళ్లు దాటలేదు కాబట్టి వంతెన దగ్గరికో, లాకు దగ్గరికో రావాలి. వంతెన ఉన్న ప్రతిచోటా దాన్ని కనిపెట్టుకుని ఉండేలా ఎక్కడో ఒక గది కట్టారు. పటంలో చూస్తే ఇవి చుక్కలు. గది వెనక చేరి, కంత ఎత్తుకి తల వంచి చూస్తే ఎదురుగా నీళ్లు, అవతల వాలు పొలం, పొలం చివర చెట్ల వరస. అక్కణ్ణుంచి వచ్చేవాడు ఎంతసేపు బయలులో నడవాలో కంటికి తెలుస్తుంది. ఆ స్థలం ఎంచిన ఇంజినీరు కూడా ఇలాగే నేల మీద నడిచి, వంగి, చూసి ఉంటాడు.

1940 మే నెలాఖరులో ఆ దేశం పరిస్థితి ఏమిటో గుర్తుచేసుకోవాలి. ఫ్రాన్సులోని డంకర్క్ తీరం నుంచి జూన్ 4 నాటికి 3,38,000 మంది సైనికుల్ని ఓడల మీద వెనక్కి తెచ్చుకున్నారు. మనుషులొచ్చారు కానీ ఫిరంగులు, ట్యాంకులు, లారీలు ఫ్రాన్సులోనే మిగిలిపోయాయి. జర్మన్ సైన్యం వస్తుందనే అనుకున్నారు. ఊళ్ల పేర్లున్న బోర్డులు పీకేశారు, దిగినవాడికి తానెక్కడున్నాడో తెలియకూడదని. చర్చి గంటలు ఆపేశారు, శత్రువు దిగితేనే మోగించాలని. స్వదేశ సేనలకి అధిపతిగా మే 27న వచ్చిన జనరల్ ఐరన్‌సైడ్, తీరంలో ఆపలేకపోతే లోపలైనా ఆపాలని అడ్డుగీతలు గీయించాడు. నదులూ కాలవలూ కలుపుకుంటూ, లండన్ని చుట్టుకుని ఉత్తరానికి సాగిన పెద్ద గీత పేరు జీహెచ్‌క్యూ లైన్. మేం నడిచిన కాలవ అందులో ఒక పాయ. దాన్ని బ్లూ లైన్ అన్నారు.

కట్టింది ఎక్కువగా ఊళ్లలోని కాంట్రాక్టర్లూ మేస్త్రీలూ. నమూనాలు యుద్ధ శాఖ ఇచ్చింది, వాటికి అంకెలే పేర్లు. ఆరుమూలల గదుల్లో ఎక్కువగా కనిపించేది 24వ రకం. దాని వెనక గోడ మిగతావాటికన్నా పొడుగు, తలుపు దారి అక్కడే. లోపల నడిమధ్య ఇంగ్లిషు వై అక్షరంలా ఒక అడ్డుగోడ. ఒక కంతలోంచి దూరిన తూటా గోడకి తగిలి ఎగిరి, అవతలి కంత దగ్గరున్నవాడికి తగలకుండా. బయట ఇటుక ఎందుకో మొదట అర్థం కాలేదు. కాంక్రీటు పోయడానికి సెంట్రింగ్ చెక్క కరువైంది. అంచేత ఇటుకగోడ కట్టి, దాన్నే సెంట్రింగుగా వాడుకుని లోపల కాంక్రీటు పోశారు. విప్పే పని లేదు. ఇల్లు కట్టించుకున్న ఎవరికైనా ఇందులోని తెలివీ తొందరా రెండూ తెలుస్తాయి. కొన్నిచోట్ల ఎనభై ఏళ్ల వానకి ఇటుక రాలి, వెనక కాంక్రీటు మీద ఇటుక వరసల అచ్చు బయటపడింది. వాటి మీద చెయ్యిపెట్టి కాసేపు ఉండిపోయాను.

ఇంకో ఆదివారం థీల్ నుంచి ఉత్తరంగా, సల్‌హమ్ లోయ మీదుగా పాంగ్‌బోర్న్ వైపు పొలాలకి అడ్డంపడి వెళ్లాం. ఇంగ్లండులో నాకు ఎంతో నచ్చిన ఏర్పాటు ఇది. రైతు పొలం మధ్య నుంచి అందరికీ నడిచే హక్కున్న కాలిబాటలున్నాయి, సర్వే పటంలో వాటికి ఆకుపచ్చ గీతలున్నాయి. గేటు తీసి, మళ్లీ వేసి, గొర్రెల మధ్య నుంచి వెళ్లొచ్చు. కాలవకీ థేమ్స్ నదికీ మధ్య నీటి అడ్డు సన్నగిల్లేది ఈ లోయలోనే కాబట్టి ఇక్కడ గదులు మరీ దగ్గర దగ్గరగా కట్టారు. 28వ రకం చూసింది ఇక్కడే. ట్యాంకుల్ని కొట్టే చిన్న ఫిరంగికోసం కట్టింది. గోడ మందం మూడడుగుల పైమాటే, ఎదుట పెద్ద కంత, వెనక ఫిరంగి దొర్లించుకొచ్చేంత దారి. అయితే ఆ ఫిరంగులు డంకర్క్‌లో పోయాయి. కట్టిన గదులకి సరిపడా ఫిరంగులు దేశంలో లేవు. కొన్ని గదులకి ఇప్పుడు కటకటాల తలుపులు బిగించారు, చలికాలం గబ్బిలాలు నిద్రపోవడానికి. ఆ దేశంలో గబ్బిలాలకి చట్టం అండ ఉంది. మూసిన తలుపు ముందు నిలబడి, తట్టకుండా వెనక్కి తిరిగాం.

ఇదంతా వృథా అని అప్పుడే అన్నవాళ్లున్నారు. జూలైలో ఐరన్‌సైడ్ స్థానంలో వచ్చిన జనరల్ బ్రూక్‌కి గోడల వెనక కాచుకోవడం కన్నా కదిలే సేనల మీదే నమ్మకం. కొత్త గీతల పని మందగించింది. సెప్టెంబరు 17న హిట్లర్ దండయాత్రని నిరవధికంగా వాయిదా వేశాడు. ఈ గదుల నుంచి శత్రువు మీద ఒక్క తూటా పేల్చే అవసరం రాలేదు. నా దృష్టిలో వాటి విలువ అందువల్ల తగ్గదు. ఒక వేసవిలో ఒక దేశం ఎంత భయపడిందో, ఆ భయంలో చేతులు ముడుచుకోకుండా ఏం చేసిందో పుస్తకాల్లో చదవొచ్చు. ఆ చేతులు పోసిన కాంక్రీటు మాత్రం ఇక్కడే, ఈ పొలాల్లోనే ఉంది.

వాటిని మిగిల్చినవాళ్ల గురించి చెప్పాలి. యుద్ధం తర్వాత రైతులు కొన్నిటిని పగలగొట్టారు, రోడ్లకి అడ్డమని ఇంకొన్నిటిని తీసేశారు. పట్టించుకున్నవాళ్లు తక్కువ. హెన్రీ విల్స్ అనే పత్రికా ఫొటోగ్రాఫర్, ఇవి మాయమైపోతున్నాయని గమనించి, ఎక్కడెక్కడున్నాయో పోగుచేసి 1985లో పుస్తకం వేశాడు. పదేళ్ల తర్వాత బ్రిటిష్ పురావస్తు మండలి నడిపిన డిఫెన్స్ ఆఫ్ బ్రిటన్ పథకంలో వందలమంది స్వచ్ఛందంగా పొలాల వెంట నడిచి, 2002 నాటికి రకరకాల సైనిక కట్టడాల్ని దాదాపు 20,000 నమోదు చేశారు. 1940లో కట్టిన పిల్‌బాక్సులూ అలాంటి గట్టి కట్టడాలూ దాదాపు 28,000 అనీ, వాటిలో 6,500 దాకా నిలిచున్నాయనీ అంచనా. ఆ నడిచినవాళ్లలో ఎక్కువమంది పండితులు కారు. సెలవురోజున బూట్లు వేసుకుని బయల్దేరిన మామూలు మనుషులు.

ఆ ఆదివారం ఇంటికొచ్చాక అల్లుడితో మా నాన్న సంగతి చెప్పాను. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాను విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖ హార్బరు మీద బాంబులు వేసిననాటికి నాన్నకి పదేళ్లు. ఊరు ఊరంతా కదిలింది. రాత్రికి రాత్రి బండి కట్టించి, విజయనగరం అవతలి చుట్టాలింటికి పోయారు. బిందెలూ వంటసామానూ బండిలో, పిల్లలు నడక. ‘మా తాతయ్య కూడా ఇదే చెప్పేవాడు, కాకినాడ నుంచి’ అన్నాడు అల్లుడు. అదే రోజు కాకినాడ మీదా పడ్డాయి బాంబులు. పెళ్లయి నాలుగేళ్లయినా, మా రెండిళ్లలోనూ ఒకే రోజు కథ ఉందని ఎవరికీ తెలియలేదు.

విశాఖ బీచ్‌లో పిల్‌బాక్సులు ఆ కాలానివే. వాటి కంతలు తూర్పున సముద్రం వైపు చూస్తాయి. నా చిన్నప్పుడు వాటి మీదెక్కి దూకేవాళ్లం, ఎందుకు కట్టారని అడగలేదు. నాన్నని అడిగి ఉంటే చెప్పేవాడు, ఇప్పుడాయన లేడు. ఇసుక కోసుకుపోతున్న తీరంలో కాంక్రీటు గది ఎక్కువకాలం నిలవదు. అందుకే వచ్చే ఆదివారం నుంచి టేపూ, నోటుపుస్తకమూ పట్టుకుని తీరం వెంట ఉత్తరంగా నడవాలని నిశ్చయించుకున్నాను. భీమిలి నుంచి కాకినాడ దాకా తీరప్రాంతంలో ఉన్న పాఠకులకి నా విన్నపం. మీ ఊళ్లో ఇలాంటి గది గానీ, కందకం గానీ, యుద్ధకాలపు రన్‌వే ముక్క గానీ ఉంటే నడిచి వెళ్లి చూసి రాయండి. బాంబుల రోజు గుర్తున్న పెద్దలుంటే ముందు వాళ్ల దగ్గర కూర్చోండి. గది గురించయితే ఏ ఊరు, ఏ గట్టున, కంత ఎటు చూస్తోంది, ఈ మూడూ చాలు.