రాత మనది, తాళంచెవి ఎవరిది?

నాకు మూడు బ్లాగులున్నాయి. ఒకటి బడిపిల్లల పాఠాలకు. ఒకటి వ్యాసాలకు. ఇంకోటి మా అమ్మ తరం ఆడవాళ్లు నాట్లేస్తూ పాడిన పాటలు, చెప్పిన కథలు ఎక్కించడానికి. మూడింటికీ మూడు పాస్‌వర్డులు. రాత్రి కంప్యూటరు ముందు కూచుంటే రాసేది అరగంట, ఎక్కించేది గంట. నాలాగే అవస్థపడే తోటి టీచర్లు అడుగుతుంటారు: "సార్, అన్ని బ్లాగులూ ఒక్కచోట నుంచే నడిపే సాఫ్ట్‌వేర్ ఏది మంచిది?"

చాలా ఉన్నాయి. కానీ ఏది సులువు అని అడిగే ముందు, రేపు వదిలేసి పోవాల్సి వస్తే నా రాత నా వెంట వస్తుందా అని అడగాలంటాను. అద్దె ఇంట్లో దిగేటప్పుడు గోడల రంగు చూసి మురిసిపోతాం. ఖాళీ చేసే రోజు సామాను బయటికి రానిస్తారా అని అడగం.

ఊరికే భయపెట్టడం లేదు, జరిగినవే చెప్తున్నా. మూవబుల్ టైప్ అనేది 2001లో వచ్చింది. ఎంతోమంది బ్లాగర్లు దాన్నే నమ్ముకున్నారు. 2004లో మూడో వెర్షన్ తెచ్చి, ఉచితంగా వాడేవాళ్లకు ఇన్ని బ్లాగులే, ఇంతమంది రచయితలే అని గిరి గీశారు. దెబ్బ ఎవరికి? నాలుగైదు బ్లాగులు నడిపేవాళ్లకే. చాలామంది వర్డ్‌ప్రెస్‌కు తరలిపోయారు. పోస్టరస్ ఇంకో కథ. ఒక్క ఈమెయిలు పంపితే చాలు, మన మిగతా బ్లాగులకు కూడా అదే చేరవేసేది. ట్విట్టర్ 2012లో కొన్నది, 2013 ఏప్రిల్‌లో మూసింది. ఉచితం గనక పోయిందంటారా? టైప్‌ప్యాడ్ 2003 నుంచి డబ్బు తీసుకుని నడిచింది. 2025 సెప్టెంబరు 30న అదీ మూతపడింది.

మరి ఇప్పుడు ఏం వాడాలి? బ్లాగర్ 1999లో పుట్టి 2003లో గూగుల్ చేతికి పోయింది. ఒక్క ఖాతా కింద వంద బ్లాగుల దాకా పెట్టుకోవచ్చు. పైసా ఖర్చు లేదు. బ్లాగు మొత్తాన్ని ఒక ఫైలుగా దించుకునే వీలుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇది చాలు. కాకపోతే ఆ ఒక్క ఖాతా పోతే అన్ని ఇళ్లకూ ఒకేసారి తాళం పడ్డట్టే. అందుకే ప్రతి బ్లాగులోనూ నమ్మకస్తుడైన ఇంకో మనిషిని అడ్మిన్‌గా చేర్చాలి.

వర్డ్‌ప్రెస్ 2003లో వచ్చిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ఎవరైనా దించుకుని తమ సర్వరులో పెట్టుకోవచ్చు. 2010లో 3.0 వెర్షన్‌తో మల్టీసైట్ అనే ఏర్పాటు వచ్చింది. ఒక్కసారి స్థాపిస్తే దాని కిందే ఎన్నో బ్లాగులు, లోపలికి పోవడానికి ఒకటే పాస్‌వర్డు. సొంత డొమైన్ పేరు కొనుక్కుంటే సర్వరు మారినా చిరునామా మారదు. కానీ ఏటేటా అద్దె కట్టాలి, అప్‌డేట్లు చెయ్యాలి. ఉమ్మడి ఇంటికి నిప్పంటుకుంటే అన్ని గదులూ కాలతాయి. అయిదారుగురు కలిసి, అందులో ఒకరికైనా పని తెలిసి ఉంటే దీనికి దిగండి. ఒక్కరే అయితే వద్దు.

మూడో దారి, మన కంప్యూటరులోనే రాసుకుని, ఏ బ్లాగుకు పోవాలో ఎంచుకుని పంపడం. విండోస్ లైవ్ రైటర్ ఇట్లాంటిదే. 2012 తర్వాత మైక్రోసాఫ్ట్ దానికి కొత్త వెర్షన్ తేలేదు. 2015లో ఓపెన్ లైవ్ రైటర్ పేరుతో దాని కోడ్ అందరికీ ఇచ్చేశారు. నెట్ లేకపోయినా రాసుకోవచ్చు, చిత్తుప్రతి మన దగ్గరే ఉంటుంది. ఈ పద్ధతి నాకు నచ్చింది. అయితే పాత సాఫ్ట్‌వేరు గనక, మీ బ్లాగుతో కలుస్తుందో లేదో ముందే చూసుకోవాలి.

ఏది ఎంచుకున్నా అసలు ప్రతి మన దగ్గరుండాలి. తేదీ వేసి, మామూలు టెక్స్ట్ ఫైలుగా, యూనికోడ్ తెలుగులో దాచాలి. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన నా ఫైళ్లు ఇప్పటికీ ఉన్నాయి. తెరిస్తే తెలుగు లేదు, పిచ్చి గుర్తులున్నాయి. ఫైలు ఉన్నంతమాత్రాన రాత ఉన్నట్టు గాదు. నెలకోసారి బ్లాగులన్నీ దించి పెన్‌డ్రైవులో వెయ్యాలి. దించితే చాలదు, ఏడాదికోసారి ఒక ఖాళీ బ్లాగులోకి ఎక్కించి, తేదీలు, బొమ్మలు, వ్యాఖ్యలు తిరిగొస్తున్నాయో లేదో చూడాలి.

"ఇంత చాదస్తం ఎందుకు సార్?" అంటారు. ఎందుకంటే మన తాతలు వేలిముద్ర వేసిన కాగితాల్లో ఏముందో వాళ్లకు ఎవరూ చదివి చెప్పలేదు. చదువుకున్న మనం, ఆ కంపెనీల షరతుల కింద 'ఒప్పుకుంటున్నా' అని చదవకుండానే నొక్కుతున్నాం. వేలు అదే, కాగితమే మారింది. అంబేద్కర్ 1956లో పోయేనాటికి అచ్చుకాని రాతలెన్నో మిగిలినయ్. రాతప్రతులు ఉండబట్టే 1979 నుంచి మహారాష్ట్ర ప్రభుత్వం వాటిని సంపుటాల్లోకి తేగలిగింది. మా అమ్మ పాటలకు వేరే ప్రతి లేదు. ఆ బ్లాగు పోతే పాట పోయినట్టే.

కాబట్టి మిత్రులారా, సాఫ్ట్‌వేర్ ఎంపిక రేపు చేసుకోవచ్చు. ఈ రాత్రి మాత్రం మీ బ్లాగులన్నీ ఒకసారి దించి పెట్టుకోండి. దించుకునే దారి దొరకలేదా, ఆ ఇంట్లో ఇంకో సామాను పెట్టకండి.