బ్రిడ్జి క్లబ్బులలో బల్లల మార్పు, కాలమర్యాద

పేకాట యన్న మాట వినినంతనే మన పెద్దలు మొగము ముడుచుకొందురు. పందెములచే కూలిన కుటుంబములను వారు కన్నులార చూచియున్నారు గనుక ఆ యేవగింపును మేము తప్పుపట్టము. అయినను పందెము లేక, జ్ఞాపకశక్తియు ఊహాశక్తియు పెట్టుబడిగా నాడు బ్రిడ్జి వేఱు. ఆంధ్రప్రదేశ్ నుండి పోయిన యొక రమ్మీ వ్యాజ్యమున భారత సర్వోన్నత న్యాయస్థానము 1967లో తీర్పు చెప్పుచు, రమ్మీ నైపుణ్యము ప్రధానముగా గల యాటయనియు, అందలి యదృష్టము బ్రిడ్జిలో ముక్కలు పంచుటయందలి యదృష్టము వంటిదేయనియు పలికినది. 2018లో జకార్తా నగరమున జరిగిన ఆసియా క్రీడలయందు ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ గార్లు ఈ యాటలోనే మన దేశమునకు స్వర్ణపతకము తెచ్చిరి. కావున ఆటను సమర్థించుటకై మేమిచట కలము పట్టలేదు.

మా వాదము వేఱొకటి. క్లబ్బులో సాయంకాలపు ఆట రాత్రి పొద్దుపోవువఱకు ఈడ్చుకొనిపోయినప్పుడెల్ల మెల్లగా నాడువారిని నిందించుట ఆచారమైపోయినది. ఆ నిందలో సగమైనను బల్లల మార్పు నెంచిన డైరెక్టరునకు చెందవలెనని మా యభిప్రాయము.

ఈ యాట నెఱుగని చదువరుల కొఱకు రెండు మాటలు. ఒకే పంపకమును పెక్కు జంటలు వేర్వేరు బల్లలయొద్ద నాడి ఫలితములను సరిపోల్చుకొనుటయే డూప్లికేటు బ్రిడ్జి. మంచి ముక్కలు పడినవను గొప్పయు, పడలేదను సాకును ఇందు చెల్లవు. నలుగురి ముక్కలును నాలుగు అరలుగల బోర్డులో భద్రముగా నుండి బల్లనుండి బల్లకు పోవును. మనుష్యులును కదలవలెను, బోర్డులును కదలవలెను. కాని ఏ జంటయు ఒక బోర్డును రెండవమారు చూడరాదు. ఇందుకై ఏర్పడిన పద్ధతులలో ముఖ్యమైనవి రెండు: మిచెల్ పద్ధతి, హోవెల్ పద్ధతి. ఇవి విస్టు ఆట నాటివి. వాండర్‌బిల్ట్ 1925లో కాంట్రాక్టు బ్రిడ్జి లెక్కను ఏర్పఱచుటకు ముందే పుట్టినవి. మిచెల్ పద్ధతిలో ఉత్తర దక్షిణ జంటలు కదలక కూర్చుందురు. తూర్పు పడమర జంటలు పై సంఖ్య బల్లకును, బోర్డులు క్రింది సంఖ్య బల్లకును పోవును. హోవెల్ పద్ధతిలో ఒక జంట తక్క మిగిలినవారు ఇంచుమించుగా అందఱును తిరుగుచు, ప్రతి జంటతోను ఒకమారు తలపడుదురు.

న్యాయమునుబట్టి చూచినచో హోవెల్ పద్ధతికి సాటి లేదు. నాలుగు బల్లలు, ఎనిమిది జంటలు ఉన్నప్పుడు ఏడు రౌండ్లలో అందఱును అందఱను ఎదుర్కొందురు, అంతకంటె కోరదగినదేమి? కాని ఏడు బల్లలకు కూడ అదియే కావలెనని పట్టుపట్టువారు కలరు. అప్పుడు పదునాలుగు జంటలకు పదమూడు రౌండ్లు, రౌండునకు రెండు బోర్డులు, మొత్తము 26 బోర్డులు. పండ్రెండుమారులు గదియంతయు లేచి తిరుగవలెను. మోకాళ్లనొప్పిగల వృద్ధుడు కఱ్ఱ వెదకికొనును. క్రొత్తగా నేర్చినవాడు చీటి చూచుకొనుచు తప్పుబల్లకు పోవును. మఱియొకడు కండ్లద్దములు మఱచి వెనుకకు వచ్చును. అదే ఏడు బల్లలకు మిచెల్ పద్ధతి పెట్టి రౌండునకు నాలుగు బోర్డులిచ్చినచో, 28 బోర్డులకును ఆఱుమారులు మాత్రమే కదలిక, అదియు సగముమందికే. ఉత్తర దక్షిణులకొక విజేత, తూర్పు పడమరలకొక విజేత వత్తురన్నది నిజమే. ఒక్క విజేతయే కావలెనన్నచో తుది రౌండులో బోర్డులను ఒక పాదము త్రిప్పియుంచి, ఉత్తర దక్షిణుల ముక్కలను తూర్పు పడమరలచే నాడించు ఉపాయమున్నది. ఆ సంపూర్ణన్యాయమునకై ముసలివారిని పండ్రెండుమారులు లేపుట మాకు సమ్మతము కాదు.

బల్లలు సరిసంఖ్యలో నున్నప్పుడు చిక్కు హెచ్చు. ఆఱు బల్లలనుకొనుడు. మనుష్యులు ముందునకు, బోర్డులు వెనుకకు నడచుటచే, మొదటి రౌండులో నాడిన బోర్డులే నాలుగవ రౌండులో ఎదురగును. దీనికి మార్గములు రెండు. మూడు రౌండ్లయిన పిమ్మట తూర్పు పడమర జంటలు ఒక బల్లను దాటిపోవుట మొదటిది. అప్పుడైదు రౌండ్లే సాగును. ప్రతి జంటయు ఎదిరి జంటలలో నొకదానిని, బోర్డుల కట్టలలో నొకదానిని కోల్పోవును. రెండవది, ఒకటవ, ఆఱవ బల్లలు ఆటయంతయు బోర్డులను పంచుకొనుట, మూడవ నాలుగవ బల్లల నడుమ నొక పీటపై నొక కట్టను రౌండుసేపు విశ్రమింపజేయుట. పుస్తకములు చదివినవారు రెండవదానినే మెచ్చుకొందురు, ఏమనగా అందులో ఎవరికిని నష్టము లేదు. కాని పంచుకొను రెండు బల్లలలో నొకటి జాగు చేసెనేని రెండవది చేతులు కట్టుకొని కూర్చుండవలసినదే. క్రొత్తవారు మెండుగా గల క్లబ్బునకు దాటుపద్ధతియే మేలని మేము నమ్ముచున్నాము. పీటపద్ధతియే కావలెనన్నచో, చురుకైన జంటలను ఒకటవ, ఆఱవ బల్లలయందును, నిదానపు జంటను నాలుగవ బల్లయందును ఉత్తర దక్షిణములుగా కూర్చుండబెట్టవలెను. నాలుగవ బల్లనుండి బోర్డులు నేరుగా మూడవ బల్లకు పోక పీటపై నిలుచును గనుక, వారి జాగు క్రిందిబల్లకు తగులదు. ఈ చిన్న యేర్పాటు పది మందలింపులకంటె ఎక్కువ పని చేయును.

జంట తక్కువైనప్పుడు వేచియుండువారి మాట మన డైరెక్టరులు తలంపరు. పదమూడు జంటలే వచ్చినచో ఏడు బల్లల మిచెల్‌లో రౌండునకొక జంట ఊరక కూర్చుండవలెను. రౌండునకు నాలుగు బోర్డులైనచో అది అరగంట. మొట్టమొదటిసారి వచ్చిన జంటకు తొలి రౌండులోనే ఆ యరగంట ప్రాప్తించినచో వారు మఱల వత్తురా? మూడేసి బోర్డులు పెట్టినచో నిరీక్షణ ఇరువది రెండు నిమిషములకు తగ్గును. మొదటి విరామము పాతవారికే వచ్చునట్లు చూచుట డైరెక్టరు చేతిలోని పని.

ఇక వేగము. బోర్డునకు ఏడు లేక ఏడున్నర నిమిషములు పెట్టుట పెక్కుచోట్ల వాడుక. ఆ లెక్కను 28 బోర్డులకు మూడున్నర గంటలు పట్టును. 21 బోర్డులకు రెండు గంటల ముప్పదియెనిమిది నిమిషములు. క్రొత్తవారే ఆలస్యమునకు మూలమని పాతవారందురు. మేము చూచినంతవఱకు అది సగము నిజమే. క్రొత్తవాడు ఏ ముక్క వేయుటయా యని ఆలోచించి జాగు చేయును. పాతవాడు ఆట ముగిసిన పిమ్మట ఇస్పేటు రాణిని ఎట్లు పట్టవలసియుండెనో వివరించి జాగు చేయును. మొదటి జాగు ఆటలోనిది, రెండవది ఆటకు వెలుపలిది. మిగిలిన పట్టులన్నియు తనవేయని తెలిసియు చూపక, కడపటి ముక్కవఱకు ఆడించువాడును పాతవాడే. కాంట్రాక్టును వ్రాసికొనుటకు ముందే మొదటి ముక్క వేసినచో నెంత కాలము మిగులునో వారికి తెలియదా?

2017 నాటి డూప్లికేటు నియమములలో 90వది అనుచితమైన జాగునకు దండన విధింపవచ్చునన్నది. ఆడజాలని బోర్డునకు తప్పు చేసినవారికి నూటికి 40, తప్పులేనివారికి 60 ఇచ్చు ఏర్పాటు 12వ నియమమున గలదు. ఇవి యుండవలసినవే. కాని తప్పు ఏ జంటదో తెలిసికొనక ఇరువురిని కలిపి గద్దించుట యన్యాయము. ఎదిరివారిని తికమకపెట్టుటకై వేగమును మార్చుటను 74వ నియమము నిషేధించుచున్నది. నిజముగా ఆలోచించుటను ఏ నియమమును నిషేధింపలేదు. గడియారమును అందఱకు కనబడునట్లు పెట్టుటయు, మూడు నిమిషములు మిగిలియుండగా క్రొత్త బోర్డు నెత్తరాదని చెప్పుటయు దండనకు ముందు జరుగవలసిన పనులు.

అన్నిటికంటె ముందు, ఎంతమంది వచ్చిరో లెక్కింపక 'ఎప్పటివలె 28' అను పలుకును డైరెక్టరులు మానవలెను. ఎనిమిది జంటలే వచ్చి అందు మూడు క్రొత్తవైనప్పుడు, ఏడు రౌండ్లకు మూడేసి చొప్పున 21 బోర్డులే పెట్టి, రెండు నెలలు నడిపి చూడుడని మా మనవి. అటుపిమ్మట కుర్చీలు నిండినవో లేదో చూచి మా మాటకు బదులు చెప్పవచ్చును.