ఆయుధం వీడిన చేతికి ఆట: క్షమకు కొలమానమేది?

జగదల్‌పూర్: నేరచరిత్ర గల వ్యక్తికి క్రీడారంగంలో మరో అవకాశం ఇవ్వవచ్చునా అన్న పాత ప్రశ్న బస్తర్‌లో కొత్త రూపం సంతరించుకుంది. 2025 డిసెంబరులో ఇక్కడ ముగిసిన బస్తర్ ఒలింపిక్స్‌లో లొంగిపోయిన మావోయిస్టులు 700 మందికి పైగా పాల్గొన్నట్లు ప్రభుత్వం ప్రకటించింది. వారి జట్టు పేరు 'నువా బాట్'. అంటే కొత్త బాట. హింసాకాండలో అంగవైకల్యం పొందినవారికి సైతం ఈ క్రీడల్లో చోటు కల్పించడం గమనార్హం. ఏడు జిల్లాల ఈ పోటీలకు 2024లో 1.65 లక్షల మంది, 2025లో 3.91 లక్షల మంది పేర్లు నమోదు చేసుకున్నారు.

మనసు మారిందన్న ప్రకటనను ఎంతవరకు విశ్వసించాలన్నదే అసలు సమస్య. అత్యాచారం కేసులో 1992లో జైలుపాలైన అమెరికన్ బాక్సర్ మైక్ టైసన్ అక్కడే ఇస్లాం స్వీకరించాడు. 1995లో విడుదలై, మరుసటి ఏడాదే ప్రపంచ టైటిల్ తిరిగి గెలుచుకున్నాడు. కాని 1997లో బరిలోనే ప్రత్యర్థి హోలీఫీల్డ్ చెవి కొరికి లైసెన్సు పోగొట్టుకున్నాడు. స్పాట్ ఫిక్సింగ్ కేసులో 2011లో బ్రిటన్‌లో జైలుకెళ్లిన పాకిస్తాన్ బౌలర్ మహమ్మద్ ఆమిర్ మాత్రం నేరం అంగీకరించి, అయిదేళ్ల నిషేధం పూర్తిచేసి, 2016లో తిరిగి జాతీయ జట్టులో చేరాడు. విశ్వాసం వ్యక్తిగతం, ప్రవర్తనే దానికి రుజువు అని ఈ రెండు ఉదంతాలూ చాటుతున్నాయి.

బస్తర్ పరిస్థితి ఇంతకంటె జటిలమైనది. ఆ ఇద్దరు ఆటగాళ్లు కోర్టు విధించిన శిక్ష అనుభవించిన తరువాతే మైదానంలోకి వచ్చారు. ఇక్కడ లొంగుబాటే విముక్తికి తొలిమెట్టు. 2025 అక్టోబరు 17న జగదల్‌పూర్‌లో కేంద్ర కమిటీ సభ్యుడు రూపేష్ సహా 210 మంది ఆయుధాలు అప్పగించారు. లొంగిపోయినవారిపై కేసుల సమీక్ష, ఉపసంహరణ విధానానికి ఛత్తీస్‌గఢ్ మంత్రివర్గం అదే ఏడాది డిసెంబరులో ఆమోదం తెలిపింది. తూటా పేల్చినవాడు, దానికి బలైనవాడు అనేక సందర్భాల్లో ఒకే ఆదివాసీ సమాజానికి చెందినవారు. కనుక క్షమించే హక్కు ప్రభుత్వానిది మాత్రమే కాదు. బాధిత కుటుంబాల వాదన వినకుండా కేసులు ఎత్తివేస్తే దానిని ఔదార్యమనలేము.

మరో కోణమూ విస్మరించరానిది. లొంగిపోయినవారిలో కొందరిని జిల్లా రిజర్వ్ గార్డు దళంలో చేర్చుకుని, తిరిగి తుపాకి చేతికిస్తున్నారు. గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి తిరుగుబాటుపై పోరుకు పంపడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలైలోనే తీర్పు చెప్పింది. మారిన మనిషిని పాత మిత్రులపైకే ఉసిగొల్పడం రెండో అవకాశం అనిపించుకోదు. ఆ దృష్టితో చూస్తే మైదానమే మేలు. అక్కడ గెలుపుకు ఎవరి ప్రాణమూ మూల్యం కాదు.

అయితే పోటీలు మూడు రోజుల్లో ముగుస్తాయి. ఆ తరువాత 'కొత్త బాట' ఊరికి చేరాలంటే ఉపాధి, భద్రత, నేరాలపై నిష్పాక్షిక విచారణ అవసరం. అవి లేనినాడు పతకం ఫొటోకే పరిమితమవుతుంది.